తల్లిని తూచిన కవలలు: మద్రాసు నుంచి దొరికిన సిల్వియా గ్రహశకలం

చెన్నై నుంగంబాక్కంలో, ఇప్పుడు వాతావరణ కేంద్రం ఉన్న ఆవరణలో, పదిహేను అడుగుల గ్రానైటు స్తంభం ఒకటి ఉంది. 1792లో ఈస్టిండియా కంపెనీ అక్కడ ఖగోళ వేధశాల కట్టించినప్పుడు పరికరాలకు ఆధారంగా నిలబెట్టిన స్తంభం అది. దాని మీద చెక్కిన రాతల్లో లాటిన్, తమిళాలతో పాటు తెలుగు కూడా ఉంది. వేధశాల పోయి చాలా కాలమైంది. రాయి మిగిలింది. అక్కడి నుంచి 1866 మే 16న ఒక మనిషి ఆకాశంలో పట్టుకున్న చుక్క కూడా మిగిలింది. అది ఇప్పటికీ ఆరున్నరేళ్ళకొకసారి సూర్యుణ్ణి చుట్టి వస్తోంది.

ఆ చుక్క పేరు 87 సిల్వియా. అప్పటికి తెలిసిన గ్రహశకలాల వరుసలో ఎనభై ఏడోది కాబట్టి ఆ అంకె. 1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మోలో పియాజీ మొదటి గ్రహశకలం సెరెస్‌ను కనుక్కున్నాడు. ఆ తర్వాత అరవై ఐదేళ్ళు గడిచినా లెక్క ఇంకా వంద చేరలేదు. ఇవాళ ఆ లెక్క పది లక్షలు దాటింది. అన్నిట్లోంచి దీన్నే ఎంచుకుని చెప్పడానికి ఒక కారణం ఉంది. దూరాన ఉన్న ఒక రాయి పరిమాణమెంతో, బరువెంతో, లోపల ఏముందో, కాలు పెట్టకుండానే ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు సిల్వియా కథలో మెట్టు మెట్టుగా జవాబు దొరుకుతుంది. మొదటి మెట్టు కట్టినవాడు, దాన్ని కనుక్కున్నవాడు ఒక్కరే.

ఆయన నార్మన్ రాబర్ట్ పోగ్సన్. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1829లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో సహాయకుడిగా పనిచేశాడు. 1861లో మద్రాసు ప్రభుత్వ ఖగోళజ్ఞుడిగా వచ్చాడు. వచ్చిన ఏడాదే, ఏప్రిల్‌లో, ఒక గ్రహశకలాన్ని పట్టుకున్నాడు. ఆసియా ఖండం నుంచి కనుక్కున్న మొదటి గ్రహశకలం కాబట్టి దానికి 67 ఆసియా అని పేరు పెట్టారు. మద్రాసులో ముప్పై ఏళ్ళు పనిచేసి, 1891లో అక్కడే కన్నుమూశాడు. జీవితం మొత్తంలో ఎనిమిది గ్రహశకలాలు కనుక్కుంటే అందులో అయిదు మద్రాసువే.

తెలుగునేలతోనూ ఆయనకు సంబంధముంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. వేధశాలలో ఆయన సహాయకుడు, తర్వాత రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడైన తొలి భారతీయుడు చింతామణి రఘునాథాచారి మరో బృందంతో వనపర్తి వెళ్ళాడు. ఆ గ్రహణం గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉంది కానీ అది వేరే కథ.

చుక్కల మధ్య చుక్క

ఆ రోజుల్లో గ్రహశకలాన్ని కనుక్కోవడమంటే ఓపికకు పెట్టిన పరీక్ష. ఖగోళ పరిశోధనలో ఫొటోగ్రఫీ అప్పటికింకా తప్పటడుగులు వేస్తోంది. టెలిస్కోపుకు కన్ను ఆనించి, కనిపిస్తున్న నక్షత్రాలను పటంలోని నక్షత్రాలతో ఒక్కొక్కటిగా పోల్చుకోవాలి. పటంలో లేనిదేదైనా కనిపిస్తే దాని స్థానం రాసుకుని, మర్నాడు మళ్ళీ చూడాలి. కదలకపోతే అది పటం గీసినవాళ్ళు వదిలేసిన నక్షత్రం. కదిలితే సూర్య కుటుంబానికి చెందినది. సిల్వియా లాంటిది సూర్యుడికి ఎదురుగా ఉన్న రోజుల్లో, రాత్రికీ రాత్రికీ మధ్య చంద్రబింబం వెడల్పులో మూడో వంతుకు కాస్త ఎక్కువ మేర జరుగుతుంది. పటం పక్కా అయితేనే ఆ జరుగుడు తెలుస్తుంది.

మద్రాసులో కూర్చోవడం ఇందుకు కలిసొచ్చింది. ఆకాశంలో సూర్యుడూ గ్రహాలూ నడిచే బాటను క్రాంతివృత్తం అంటారు. మే నెలలో రాత్రంతా కనిపించే క్రాంతివృత్త భాగం తుల, వృశ్చిక రాశులది. ఇంగ్లండు నుంచి చూస్తే అవి దక్షిణ దిగంతాన్ని ఒరుసుకుంటూ, పొగమంచులోనూ దట్టమైన గాలిలోనూ మసకబారి పోతాయి. మద్రాసు నుంచి అవే ఆకాశంలో బాగా పైకి వస్తాయి.

సిల్వియా ఎంత మసకగా ఉంటుందో చెప్పాలంటే పోగ్సన్ సొంత కొలబద్దే వాడాలి. నక్షత్రాలను కాంతిని బట్టి ఆరు తరగతులుగా విడదీయడం ప్రాచీన గ్రీకుల నాటి అలవాటు. బాగా మెరిసేవి ఒకటో తరగతి, కంటికి అతి కష్టం మీద ఆనేవి ఆరో తరగతి. కానీ ఒక తరగతికీ మరో తరగతికీ మధ్య తేడా ఎంతో ఎవరి లెక్క వారిది. ఇంకా ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగానే, 1856లో, పోగ్సన్ ఒక సూత్రం ప్రతిపాదించాడు. అయిదు తరగతుల తేడా అంటే కాంతిలో సరిగ్గా వంద రెట్ల తేడా అనుకుందాం అన్నాడు. అప్పుడు ఒక్కో మెట్టుకు 2.512 రెట్లు వస్తుంది. ప్రపంచంలోని ఖగోళజ్ఞులంతా ఇప్పటికీ వాడుతున్నది ఈ కొలబద్దనే. అతి దూరపు గెలాక్సీ కాంతినీ దీనితోనే చెబుతారు.

దీని ప్రకారం సిల్వియా బాగా కనిపించే రోజుల్లో కూడా రమారమి పన్నెండో తరగతి. కంటికి ఆనే చివరి నక్షత్రం కంటే ఆరు మెట్లు కింద. అంటే సుమారు 250 రెట్లు మసక. పోగ్సన్ పట్టుకున్నది అలాంటి చుక్కని.

చుక్క ఎంత పెద్దది?

ఇక్కడే మొదటి చిక్కు ముడి. కాంతిని కొలిచాం, కక్ష్యను లెక్కగట్టాం, కాబట్టి దూరం తెలుసు. సూర్యుడి నుంచి సగటున 3.48 ఖగోళ యూనిట్లు, అంటే మన భూమి కంటే మూడున్నర రెట్ల దూరం, దాదాపు 52 కోట్ల కిలోమీటర్లు. ఇవన్నీ తెలిసినా పరిమాణం మాత్రం తెలియదు. ఎందుకంటే గ్రహశకలానికి సొంత వెలుగు లేదు. సూర్యకాంతిలో కొంత తిప్పి పంపుతుంది, అంతే. సున్నం కొట్టిన చిన్న గోడ, మసి పట్టిన పెద్ద గోడ దూరం నుంచి ఒకే వెలుగు ఇవ్వవచ్చు. రెండిట్లో ఏదో తేలాలంటే గోడ రంగు తెలియాలి.

సిల్వియా ఉపరితలం వెస్టా గ్రహశకలం లాగా తెల్లగా ఉండి, పడ్డ కాంతిలో 40 శాతానికి పైగా తిప్పి పంపేదనుకుందాం. అప్పుడు మనకు కనిపించే వెలుగుకు 85 కిలోమీటర్ల రాయి సరిపోయేది. నిజంగా సిల్వియా తిప్పి పంపేది 4 శాతమే. కొత్తగా వేసిన తారు రోడ్డు అంత నలుపు. కాబట్టి అదే వెలుగు ఇవ్వడానికి మూడు రెట్లకు పైగా వెడల్పుండాలి.

ఈ నలుపు ఎలా తెలిసింది? నల్లటి వస్తువు కాంతిని మింగి వేడెక్కుతుంది, ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదిలేస్తుంది. మన కంటికి కనిపించే వెలుగు ఎంత, వేడి రూపంలో బయటికొచ్చేది ఎంత అని రెండూ కొలిస్తే, రంగూ పరిమాణమూ విడివిడిగా తేలిపోతాయి. 1983లో ఐరాస్ అనే పరారుణ ఉపగ్రహం ఆకాశమంతా జల్లెడ పట్టినప్పుడు సిల్వియా వ్యాసం సుమారు 261 కిలోమీటర్లని తేలింది. ఆ తర్వాతి సూటి చిత్రాల నుంచి వచ్చిన సగటు వ్యాసం 270 కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క మసక చుక్క వేడిని కొలిచి తేల్చిన అంకె అంత దగ్గరగా రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

సగటు అనడానికీ కారణముంది. సిల్వియా గుండ్రంగా ఉండదు. తన చుట్టూ తాను 5 గంటల 11 నిమిషాలకోసారి తిరుగుతుంది. ఒక్కో చుట్టులో దాని వెలుగు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. బంగాళాదుంపను దారానికి కట్టి దీపం ముందు తిప్పితే పొడుగు వైపు ఒకసారి, మొన వైపు ఒకసారి కనిపించినట్టే. వెలుగు హెచ్చుతగ్గులను ఏళ్ళ తరబడి వేర్వేరు కోణాల నుంచి నమోదు చేస్తే ఆకారం తేలుతుంది. పొడుగు వైపు 360 కిలోమీటర్ల పైనే, పొట్టి ఇరుసు వెంట 200కు అటూ ఇటూ. విజయవాడ, హైదరాబాదుల మధ్య దూరాన్ని మించిన పొడుగు రాయి అయిదు గంటలకో చుట్టు చొప్పున దొర్లుతోందని ఊహించుకోండి.

కవలలు

పొడుగు తెలిసింది, నలుపు తెలిసింది. బరువు తెలియాలంటే దాని చుట్టూ తిరిగేదేదో ఉండాలి. ఒక వస్తువు ఆకర్షణ ఎంతో చెప్పగలిగేది దాని చుట్టూ పడుతూ లేస్తూ తిరిగే మరో వస్తువే. సూర్యుడి బరువు గ్రహాలు చెప్పాయి, భూమి బరువు చంద్రుడూ చెబుతాడు. సిల్వియాకు అలాంటి సాక్షి 135 ఏళ్ళ దాకా దొరకలేదు.

2001 ఫిబ్రవరి 18న హవాయిలోని మౌనా కియా మీద ఉన్న కెక్-2 టెలిస్కోపుతో మైకేల్ బ్రౌన్, జాన్-లూక్ మార్గో సిల్వియా పక్కన ఓ చిన్న చుక్కను గుర్తించారు. అదెంత కష్టమో చూడండి. భూమి నుంచి సిల్వియా బింబం ఎంత కనిపిస్తుందంటే, ముప్పై కిలోమీటర్ల అవతల పెట్టిన రూపాయి బిళ్ళంత. మన గాలి ఎప్పుడూ కదులుతూ ఉండటం వల్ల ఆ బింబం అలుక్కుపోయి, తల్లీ బిడ్డా ఒకే మచ్చలో కలిసిపోతారు. పైగా ఆ చుక్క సిల్వియా కంటే ఎంత మసకో పోగ్సన్ మెట్లలో చెబితే, దాదాపు ఆరు మెట్లు. కంటికి ఆనే చివరి నక్షత్రానికీ సిల్వియాకూ మధ్య ఎంత తేడా ఉందో, సిల్వియాకూ ఈ కొత్త చుక్కకూ మధ్య రమారమి అంతే తేడా.

దీన్ని దాటించింది గాలి వణుకును సరిదిద్దే అద్దాల సాంకేతికత. కాంతి గాలిలో ఎలా వంకరపోయిందో క్షణక్షణం కొలుస్తూ, సెకనుకు వందలసార్లు ఒక పలుచని అద్దాన్ని దానికి విరుగుడుగా వంచుతారు. వణుకుతున్న నీటి అడుగున నాణెం కనిపించాలంటే నీటి వణుకుకు సరిగ్గా ఎదురు వణికే కళ్ళజోడు పెట్టుకున్నట్టు.

మూడేళ్ళ తర్వాత, 2004లో, ఫ్రాంక్ మార్షీ బృందం చిలీలోని పరనాల్ కొండ మీద 8.2 మీటర్ల యెపున్ టెలిస్కోపుతో, సిల్వియా చుట్టూ తిరిగే ఈ చిన్న చంద్రుడి కక్ష్య కొలుస్తుండగా ఇంకా లోపల, సిల్వియాకు దగ్గరగా, రెండో చంద్రుడు కనిపించాడు. 2005 ఆగస్టులో ఆ సంగతి ప్రకటించారు. రెండు చంద్రులున్న గ్రహశకలం అదే మొదటిది.

పేర్లు వెతుక్కోవాల్సిన పనే పడలేదు. సిల్వియా అంటే రోమన్ పురాణాల్లోని రియా సిల్వియా. రోము నగరాన్ని స్థాపించారని చెప్పే కవలలు రోములస్, రెమస్‌ల తల్లి. పెద్దదైన బయటి చంద్రుడు రోములస్, చిన్నదైన లోపలి చంద్రుడు రెమస్. 1866లో మద్రాసులో తల్లి పేరు పెట్టినప్పుడు పిల్లలున్నారని ఎవరికీ తెలియదు. ఇక్కడే ఒక పొరపాటు కూడా సరిచేసుకోవాలి. రియాసిల్వియా పేరుతో ఇంటర్నెట్టులో వెతికితే ఎక్కువగా వచ్చేది డాన్ వ్యోమనౌక ఫొటోలు తీసిన పెద్ద గుంత. అది వెస్టా దక్షిణ ధ్రువం దగ్గరిది, దాదాపు 500 కిలోమీటర్ల వెడల్పు. పేరు ఆ తల్లిదే కానీ దానికీ మన సిల్వియాకూ ఏ సంబంధమూ లేదు.

పిల్లలు వేసిన తూకం

బయటి చంద్రుడు రోములస్ సిల్వియా కేంద్రం నుంచి 1,356 కిలోమీటర్ల దూరంలో 87.6 గంటలకో చుట్టు తిరుగుతుంది. లోపలి రెమస్ 706 కిలోమీటర్ల దూరంలో 33.1 గంటలకో చుట్టు.

ఇద్దరూ ఒకే తల్లి చుట్టూ తిరుగుతున్నారంటే కెప్లర్ మూడో సూత్రం రెండు కక్ష్యలనూ కట్టిపడేయాలి. దూరాల నిష్పత్తికి ఘనం, కాలాల నిష్పత్తికి వర్గం సమానం కావాలి. 1,356ను 706తో భాగిస్తే 1.92 వస్తుంది, దాని ఘనం 7.1. 87.6ను 33.1తో భాగిస్తే 2.65, దాని వర్గం 7.0. కాగితం మీద ఎవరైనా చేసుకోగల లెక్క ఇది. కోట్ల కిలోమీటర్ల దూరంలో రెండు రాళ్ళు వేర్వేరుగా ఇచ్చిన సాక్ష్యం ఒక్క మాట మీద నిలబడింది. ఇలాంటి చోట నాకు గణితం మీద గౌరవం ఇంకాస్త పెరుగుతుంది.

ఆ దూరాలూ కాలాల నుంచే సిల్వియా ద్రవ్యరాశి వస్తుంది. 14 పక్కన 18 సున్నాలు పెడితే ఎన్ని కిలోలో, రమారమి అంత. మన చంద్రుడి బరువులో సుమారు అయిదు వేలో వంతు. ఆ బరువును ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత.

2005లో ఆ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.2 గ్రాములని లెక్క తేలింది. 2021లో వచ్చిన కొత్త లెక్క 1.38. ఇంత తేడా ఎందుకని అడగవచ్చు. బరువు పెద్దగా మారలేదు, మారింది పరిమాణం. వ్యాసంలో అయిదు శాతం పొరపాటు పడితే ఘనపరిమాణంలో పదిహేను శాతం తప్పుతుంది. ఎందుకంటే వ్యాసాన్ని మూడుసార్లు గుణిస్తాం, పొరపాటు కూడా మూడింతలవుతుంది. గ్రహశకలాల సాంద్రతల గురించి పత్రికల్లో ఒకదానికొకటి పొంతన లేని అంకెలు కనిపించినప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకుంటే సగం అయోమయం తీరిపోతుంది. మొదటివారు తప్పు చేశారని దానర్థం కాదు. మరింత పదునైన చిత్రాలు వచ్చాయి, అంతే.

1.2 అయినా 1.38 అయినా, కుదరని సంగతి ఒకటే. నీటి సాంద్రత 1. భూమికి రాలిపడిన నల్లటి బొగ్గు జాతి ఉల్కాశిలల్లో చాలావాటి సాంద్రత 2కు పైనే. సిల్వియా రాయిలా కనిపిస్తుంది కానీ రాయి బరువు లేదు. నీళ్ళ కంటే కాస్త బరువంతే.

బరువు తగ్గడానికి రెండు దారులున్నాయి. ఒకటి, లోపల ఖాళీలు ఉండటం. కంకర లారీలో ఎంత నింపినా రాళ్ళ మధ్య ఖాళీలు మిగిలిపోతాయి కదా, అలాగే ఎప్పుడో ముక్కలై మళ్ళీ కుప్పగా చేరిన గ్రహశకలంలో సందులు ఉంటాయి. 2005లో మార్షీ బృందం మొగ్గింది ఇటే, లోపల 25 నుంచి 60 శాతం దాకా ఖాళీ ఉండవచ్చన్నది వారి అంచనా. రెండో దారి, లోపల తేలిక పదార్థం, ముఖ్యంగా మంచు, ఉండటం. ఈ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడే జవాబులేమీ కావు. ఎంత ఖాళీ, ఎంత మంచు అన్నదే ప్రశ్న. దాన్ని విడదీయడానికి ఒట్టి సాంద్రత సరిపోదు.

మళ్ళీ పిల్లలే ఆదుకున్నారు.

లోపల ఏముంది?

బంతిలాంటి వస్తువు చుట్టూ తిరిగే చంద్రుడి కక్ష్య ఏళ్ళు గడిచినా అలాగే ఉంటుంది. బంగాళాదుంపలాంటి వస్తువు చుట్టూ తిరిగేదైతే, ఉబ్బెత్తు భాగాలు లాగే అదనపు లాగుడు వల్ల కక్ష్య మొత్తం మెల్లగా వాటం మార్చుకుంటూ పోతుంది. ఎంత వేగంగా మార్చుకుంటుందన్నది ఆకారం మీదే కాదు, ద్రవ్యరాశి ఆ ఆకారంలో ఎక్కడెక్కడ పరుచుకుందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. సిల్వియా అంతటా ఒకే సాంద్రత ఉంటే ఇంత పొడుగు రాయి పిల్లల కక్ష్యల మీద ఇంత గుర్తు వేయాలి అని ముందే లెక్క వేయవచ్చు.

ఏళ్ళ తరబడి పోగు చేసిన పరిశీలనలతో, పరనాల్‌లోని స్ఫియర్ కెమెరా తీసిన పదునైన చిత్రాలతో, బెనువా క్యారీ బృందం 2021లో ఈ లెక్క చూసింది. రోములస్ కక్ష్య మీద ఆ గుర్తు కనబడలేదు. బయటి ఆకారం పొడుగే కానీ, చంద్రుడికి తెలిసే లాగుడు మాత్రం గుండ్రటి వస్తువుదిలా ఉంది. అంటే బరువులో ఎక్కువ భాగం నడిమధ్యన కూడుకుని ఉంది, ఆ పొడుగు ఆకారాన్ని ఇస్తున్న పై భాగం తేలికైనది. మామిడిపండును చూడండి. టెంక వేరు, గుజ్జు వేరు, బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే.

ఇది చిన్న విషయం కాదు. సిల్వియాను ఖగోళజ్ఞులు పీ-తరగతిలో పెడతారు. ఈ తరగతి శకలాలు చాలా నల్లగా, కొంచెం ఎర్రగా ఉంటాయి. వాటి మీద నుంచి వచ్చే కాంతి తోకచుక్కల దుమ్మును గుర్తుకు తెస్తుంది. ఇవి నెప్ట్యూన్ కక్ష్యకు అవతల పుట్టి, పెద్ద గ్రహాలు చోటు మారిన కాలంలో లోపలికి విసిరివేయబడి ఉంటాయని కొన్ని నమూనాలు సూచిస్తున్నాయి. అలాంటి ఆదిమ వస్తువులు పుట్టింది మొదలు చల్లగా, కలగాపులగంగా, లోపలా బయటా ఒకేలా ఉండి ఉంటాయన్నది చాలామంది ఊహ. సిల్వియా లోపల టెంక ఉందంటే ఒకప్పుడు అది వేడెక్కిందన్నమాట. దాదాపు 450 కోట్ల ఏళ్ళ కిందట, త్వరగా క్షీణించే రేడియోధార్మిక అల్యూమినియం వంటి పదార్థాల వేడికి లోపలి మంచు కరిగి, నీళ్ళు రాతిలోకి ఇంకి దాన్ని మార్చి, బరువైన నడుమ భాగం ఏర్పడి ఉండాలి. పైపొర మాత్రం ఆ వేడి అందక, సందులతో, మొదటి నాటి దుమ్ములాగానే మిగిలిపోయి ఉండాలి. ఇది ఉష్ణ నమూనాలతో కుదిరే వివరణ. నాకు దీని మీద నమ్మకముంది, కానీ ఇదంతా ఒక చంద్రుడి కక్ష్య నుంచి తీసిన సాక్ష్యమని కూడా మరచిపోకూడదు. ఏ వ్యోమనౌకా సిల్వియా దగ్గరికి వెళ్ళలేదు. పీ-తరగతికే చెందిన ఒక జంట, పట్రోక్లస్, మెనోషియస్, గురుగ్రహం నడిచే కక్ష్యలోనే సూర్యుణ్ణి చుట్టి వస్తున్నాయి. లూసీ వ్యోమనౌక 2033 మార్చిలో వాటి పక్కగా సాగిపోవాలి. ఈ జాతి ఉపరితలాన్ని అప్పుడు దగ్గరగా చూడవచ్చు.

గురుడి నీడలో

సిల్వియా ఉన్న చోటు కూడా మామూలు చోటు కాదు. గ్రహశకలాల పట్టీ కుజుడికీ గురుడికీ మధ్య ఉంటుందని బడి పుస్తకాల్లో చదివాం. అందులో ఎక్కువ భాగం 3.27 ఖగోళ యూనిట్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఉన్న రాయి గురుడు ఒక చుట్టు తిరిగేలోపు సరిగ్గా రెండు చుట్లు తిరుగుతుంది. ఉయ్యాలను ప్రతిసారీ ఒకే చోట తోస్తే ఊపు పెరిగిపోయినట్టు, గురుడి లాగుడు ప్రతిసారీ ఒకే చోట తగిలి రాయి కక్ష్యను చెదరగొడుతుంది. అందుకే అక్కడ పట్టీలో ఖాళీ. ఆ ఖాళీకి అవతల మిగిలిన కొద్దిమందిలో సిల్వియా ఒకటి. 1861లో కనుక్కున్న 65 సిబెలీ పేరు మీద వీటిని సిబెలీ గుంపు అంటారు. అక్కడ సూర్యుడు మనకు కనిపించే వెడల్పులో మూడున్నరో వంతు, వెలుగు పన్నెండో వంతు.

అదే గుంపులో సిల్వియాను వెన్నంటి ఉండే చిన్న శకలాల కుటుంబం ఒకటి కనిపించింది. ఏదో పెద్ద వస్తువు ఒకప్పుడు సిల్వియాను ఢీకొట్టిందనడానికి అది సాక్ష్యం. ఎగిరిపడ్డ ముక్కల్లో కొన్ని సూర్యుడి చుట్టూ సొంత దారి పట్టాయి, కొన్ని తల్లి చుట్టూ తిరుగుతూ చేరిపోయి ఈ కవలలయ్యాయి. ఇద్దరి కక్ష్యలూ దాదాపు వృత్తాలే, రెండూ సిల్వియా మధ్యరేఖకు దగ్గరగానే ఉన్నాయి. ఎక్కడి నుంచో దారి తప్పి వచ్చి పట్టుబడ్డ రాళ్ళయితే అంత క్రమశిక్షణగా తిరగవు.

2013 జనవరి 6న సిల్వియా ఒక నక్షత్రం ముందు నుంచి వెళ్ళింది. ఐరోపాలో చాలాచోట్ల పరిశీలకులు నక్షత్రం ఆరిపోయి మళ్ళీ వెలిగిన క్షణాలను నమోదు చేశారు, వారిలో ఔత్సాహికులు చాలామంది. ఒక్కొక్కరు కొలిచిన చీకటి సెకన్లను పటం మీద గీతలుగా పక్కపక్కన పెడితే నీడ ఆకారం తెలుస్తుంది. కొందరి దగ్గర రోములస్ కూడా నక్షత్రాన్ని కప్పింది. అది కూడా గుండ్రటిది కాదని, సగటున ఇరవై నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుందని దానితో తేలింది. కోట్ల డాలర్ల టెలిస్కోపు చేయలేని పని చిన్న టెలిస్కోపులున్న మనుషులు సరైన చోట, సరైన నిమిషంలో నిలబడి చేశారు.

ఆ రోములస్‌ను సిల్వియా నేల మీద నుంచి చూస్తే మన చంద్రుడికి దాదాపు రెట్టింపు వెడల్పు కనిపిస్తుంది. ఏడు కిలోమీటర్ల చిన్నవాడు రెమస్ కూడా, దగ్గరగా ఉండటం వల్ల, మన చంద్రుడి కంటే పెద్దగానే కనిపిస్తాడు. అక్కడ నిలబడటమే కష్టం. గురుత్వం భూమిలో రెండు వందలో వంతుకు దగ్గర. ఇక్కడ అరవై కిలోల మనిషి అక్కడ మూడు వందల గ్రాముల వస్తువులా తూగుతాడు. నేల వేగంగా తిరుగుతుండటం వల్ల పొడుగు చివర్లలో ఇంకా తక్కువ. గంటకు 425 కిలోమీటర్ల వేగంతో విసిరిన రాయి మళ్ళీ కింద పడదు.

సిల్వియా దొరికిన రెండున్నరేళ్ళకు, మచిలీపట్నం గ్రహణం చూసి తిరిగి వెళ్ళిన మూడు నెలలకు, 1868 నవంబరు 17న పోగ్సన్ మద్రాసులో మరో చుక్కను పట్టుకున్నాడు. 107 కామిల్లా. అదీ సిబెలీ గుంపులోనిదే, అదీ నల్లనిదే, పొడుగుదే, అయిదు గంటల లోపే తన చుట్టూ తాను తిరిగేదే. 2001లో హబుల్ టెలిస్కోపు దాని పక్కన ఒక చంద్రుణ్ణి చూపించింది. 2016లో పరనాల్ నుంచి రెండోది దొరికింది. ఆ ఇద్దరు పిల్లలూ కలిసి తూచిన కామిల్లా సాంద్రత 1.28.